పాఠకుల ప్రశ్నలు – జవాబులు: రెండు చిన్న విమానాశ్రయాల మధ్య దూరమెంత, ప్రయాణకాలమెంత?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిని తిరగేస్తే మూలప్రశ్న ఒకటే కనిపించింది. రెండు ప్రాంతీయ విమానాశ్రయాల మధ్య దూరాన్ని ఒక్కొక్కరు ఒక్కో అంకెగా చెబుతున్నారు, ప్రయాణకాలాన్నీ అలాగే చెబుతున్నారు, ఇందులో దేన్ని నమ్మాలి అని పాఠకులు అడుగుతున్నారు. దూరమంటే ఏ బిందువు నుంచి ఏ బిందువు దాకా, కాలమంటే ఏ క్షణం నుంచి ఏ క్షణం దాకా అన్నది ముందుగా తేల్చుకుంటే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. అందుకే ప్రశ్నలను ఆ వరుసలోనే పేర్చాను.

ప్రశ్న: మా ఊరి విమానాశ్రయం నుంచి పక్క రాష్ట్రంలోని మరో చిన్న విమానాశ్రయానికి దూరం ఒకచోట 330 కిలోమీటర్లనీ, మరోచోట 360 కిలోమీటర్లనీ ఉంది. రోడ్డు మీద వెళితే 470 కిలోమీటర్లు వస్తుంది. వీటిలో ఏది సరైనది?

జవాబు: మూడూ సరైనవే కావచ్చు, ఎందుకంటే మూడూ వేర్వేరు దూరాలు. 330 అన్నది భూమి ఉపరితలం మీద ఆ రెండు విమానాశ్రయాలను కలిపే అతి పొట్టి గీత పొడవు అయి ఉండాలి. గ్లోబు మీద ఆ రెండు చోట్లా వేళ్లు పెట్టి, మధ్యలో దారాన్ని బిగించి లాగితే అది ఏ దారిలో నిలుస్తుందో ఆ గీతే ఇది. ఆ గీతను ఇరువైపులా పొడిగించుకుంటూ పోతే భూమిని సరిగ్గా రెండు సగాలు చేసే వృత్తం ఏర్పడుతుంది కాబట్టి దీనిని మహావృత్త దూరం అంటారు. విమానయాన పట్టికల్లో, అంతర్జాలంలోని దూరం లెక్కల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

ఈ గీత ఊరి నడిబొడ్డులో మొదలు కాదని గుర్తుంచుకోవాలి. ప్రతి విమానాశ్రయానికీ అధికారికంగా నిర్ణయించిన ఒక సూచక బిందువు ఉంటుంది. అది సాధారణంగా రన్‌వేల అమరికకు నడిమధ్యన ఉంటుంది, దాని అక్షాంశ రేఖాంశాలను విమానయాన ప్రచురణల్లో ముద్రిస్తారు. దూరాన్ని కొలిచేది ఆ బిందువు నుంచే. కాబట్టి ఊరి పేరు పెట్టుకున్న విమానాశ్రయం ఊరికి చాలా దూరాన ఉంటే, రెండు ఊళ్ల మధ్య దూరానికీ రెండు విమానాశ్రయాల మధ్య దూరానికీ పొంతన ఉండదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ విమానాశ్రయం ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి పడమరన, రోడ్డు మీద దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది. పేరు చూసి టికెట్టు కొన్న ప్రయాణికుడు ఆకాశంలో ఆదా చేసుకున్న సమయాన్ని నేల మీద బస్సులో తిరిగి ఇచ్చుకోవలసి వస్తుంది.

ఇక 360 అన్నది విమానం నిజంగా ఎగిరిన దూరం అయి ఉంటుంది. గాలి ఎటు నుంచి వీస్తోందో దానికి ఎదురుగానే విమానం పైకి లేవాలి, దిగేటప్పుడూ గాలికి ఎదురుగానే దిగాలి. గమ్యం తూర్పున ఉన్నా ఆ రోజు గాలి పడమటిదైతే విమానం ముందు పడమరకు లేచి, ఆ తరువాత చుట్టు తిరిగి తూర్పు దారి పడుతుంది. ఆపైన అది ముందే నిర్ణయించిన వాయుమార్గాల వెంట, ఒక గుర్తింపు బిందువు నుంచి మరో బిందువుకు సాగుతుంది. దారిలో సైనిక గగనతలం అడ్డు వస్తే దాన్ని చుట్టి పోతుంది. చివరికి దిగవలసిన రన్‌వేకు పది, పదిహేను కిలోమీటర్ల ముందే దానితో ఒకే వరుసలోకి రావాలి. ఇవన్నీ కలిస్తే 330కి 360 కావడంలో వింతేమీ లేదు. పొట్టి మార్గాల్లో ఈ అదనం వంతు ఎక్కువగా కనిపిస్తుంది. రెండు చివర్లా పడే చుట్టు ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి మూడు వేల కిలోమీటర్ల ప్రయాణంలో ఆ ముప్పై కిలోమీటర్లు లెక్కలోకే రావు, మూడు వందల కిలోమీటర్లలో మాత్రం పదోవంతుకు దగ్గరగా ఉంటాయి.

ప్రశ్న: అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే కాగితం మీద దూరాన్ని మనమే లెక్క కట్టుకోవచ్చా? పదో తరగతి పిల్లలకు చూపించాలని ఉంది.

జవాబు: తప్పకుండా చేయవచ్చు. ఇది పిల్లలకు చూపించదగిన మంచి లెక్క, పైథాగరస్ సూత్రం తరగతి గది దాటి ఆకాశం దాకా వెళ్లడం వాళ్లు చూస్తారు. ముందు నాటికల్ మైలు అంటే ఏమిటో చెప్పండి. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే, భూమి మీద ఒక్కో భాగానికి వచ్చే పొడవును బట్టి పుట్టిన కొలత అది. 1929లో దాన్ని కచ్చితంగా 1852 మీటర్లుగా స్థిరపరిచారు. విమానాలూ ఓడలూ నేటికీ దాన్ని వదలకపోవడానికి కారణం ఈ సౌలభ్యమే: ఒక డిగ్రీ అక్షాంశమంటే 60 నాటికల్ మైళ్లు.

ఒక విమానాశ్రయం 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, రెండోది 17 డిగ్రీల మీద ఉన్నాయనీ, వాటి రేఖాంశాల మధ్య తేడా 3 డిగ్రీలనీ అనుకుందాం. ఉత్తర దక్షిణాలుగా ఉన్న దూరం రెండు అరవైలు, అంటే 120 నాటికల్ మైళ్లు. తూర్పు పడమరలుగా మూడు అరవైలు 180 అని వెంటనే రాసేయకూడదు, ఎందుకంటే రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఆ కుదింపు ఎంతో అక్షాంశపు కొసైన్ విలువ చెబుతుంది. రెండు విమానాశ్రయాల నడిమి అక్షాంశం 16 డిగ్రీలు, దాని కొసైన్ 0.961, కాబట్టి 180ని దానితో గుణిస్తే 173 వస్తుంది. ఇప్పుడు 120, 173 లంబకోణ త్రిభుజానికి రెండు భుజాలు. వాటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే కర్ణం సుమారు 210.5 నాటికల్ మైళ్లు, అంటే 390 కిలోమీటర్లు.

కొన్ని వందల కిలోమీటర్ల దాకా ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. దూరం వేల కిలోమీటర్లయినా, ధ్రువాలకు దగ్గరగా వెళ్లినా భూమి వంపును పూర్తిగా లెక్కలోకి తీసుకునే గోళ త్రికోణమితి సూత్రాలు కావాలి. ఇంకా కచ్చితత్వం కావాలంటే భూమి సంపూర్ణ గోళం కాదన్న సంగతినీ పట్టించుకోవాలి. భూమధ్యరేఖ దగ్గర దాని వ్యాసార్థం 6378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6357 కిలోమీటర్లు. ఈ చదునుతనాన్ని కలుపుకుని దూరం లెక్కగట్టే పద్ధతుల్లో భూమి కొలతల నిపుణుడు విన్సెంటీ 1975లో ప్రచురించిన సూత్రాలు ప్రసిద్ధం. భూమిని గోళమనుకుంటే వచ్చే పొరపాటు సాధారణంగా అర శాతం లోపే ఉంటుంది కాబట్టి మన 390 కిలోమీటర్ల లెక్కలో అది రెండు కిలోమీటర్లు మించదు.

ప్రశ్న: విమానం ఎన్నో వేల అడుగులు పైకి ఎక్కి మళ్లీ దిగుతుంది కదా, ఆ ఎక్కుడు దిగుడు వల్ల దూరం బాగా పెరగదా?

జవాబు: చాలామందికి కలిగే సందేహమే ఇది, జవాబు మాత్రం ఆశ్చర్యం కలిగిస్తుంది. విమానం 80 కిలోమీటర్లు ముందుకు సాగుతూ 18,000 అడుగులు, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్లు, పైకి ఎక్కిందనుకుంటే ఆ ఏటవాలు దారి పొడవు 80.19 కిలోమీటర్లు. అదనంగా పడింది రెండు వందల మీటర్ల లోపే. దిగేటప్పుడూ ఇంచుమించు ఇంతే. ఆ ఎత్తులో భూమి చుట్టూ గీసిన వంపు కొంచెం పెద్దదన్న మాట నిజమే కానీ, 390 కిలోమీటర్లకు అదీ మూడున్నర వందల మీటర్లను దాటదు. మొత్తం కలిపినా ఒక కిలోమీటరు రాదు. ఎక్కుడు దిగుడు కాలాన్ని పెంచుతుంది తప్ప దూరాన్ని కాదు.

ప్రశ్న: ప్రొపెల్లరు విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతుందంటారు. 330 కిలోమీటర్ల దూరానికి నలభై నిమిషాలు చాలాలి. టికెట్టు మీద మాత్రం గంటా పదిహేను నిమిషాలని ఎందుకు ఉంటోంది?

జవాబు: ఈ ప్రశ్న వచ్చిన కొద్దిరోజులకే అంత దూరమే ఉన్న ఒక మార్గంలో నాకు ప్రయాణం పడింది. కిటికీ పక్కన కూర్చుని, గడియారం చూస్తూ బోర్డింగు పాసు వెనక వేళలు రాసుకున్నాను. టికెట్టు ప్రకారం 10:15కు బయలుదేరి 11:30కి చేరాలి. తలుపు వేశాక విమానం 10:12కు కదిలింది. రన్‌వే చివరి దాకా నెమ్మదిగా సాగి, దిగుతున్న మరో విమానం కోసం కాసేపు ఆగింది. చక్రాలు నేలను వదిలింది 10:21కి. మళ్లీ నేలను తాకింది 11:09కి. నిలిచే చోటికి వచ్చి పూర్తిగా ఆగింది 11:14కు.

ఇప్పుడు అదే ప్రయాణానికి మూడు కాలాలు ఉన్నాయి. గాలిలో ఉన్నది 48 నిమిషాలు. కదిలిన క్షణం నుంచి ఆగిన క్షణం దాకా 62 నిమిషాలు. టికెట్టు చెప్పింది 75 నిమిషాలు. 330 కిలోమీటర్లను వీటితో భాగిస్తే సగటు వేగం మొదటి లెక్కలో గంటకు సుమారు 412 కిలోమీటర్లు, రెండో లెక్కలో 319, మూడో లెక్కలో 264. ఒకే విమానం, ఒకే ఉదయం, మూడు వేగాలు. విమానానికి చెప్పే 500 కిలోమీటర్ల వేగం వీటిలో ఎక్కడా కనిపించకపోవడానికి కారణం, అది సమతలంగా పైన సాగుతున్నప్పటి వేగం మాత్రమే కావడం.

రెండో కాలాన్ని విమానయానంలో బ్లాక్ టైమ్ అంటారు. నిలిపి ఉంచిన విమానం దొర్లిపోకుండా చక్రాలకు అడ్డంగా పెట్టే దిమ్మలను తీసిన క్షణం నుంచి మళ్లీ పెట్టే క్షణం దాకా అన్న అర్థంలో ఆ పేరు వచ్చింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ విమానాలకు ఇచ్చిన నిర్వచనంలో ఫ్లైట్ టైమ్ అన్నా ఇదే: పైకి లేచే ఉద్దేశంతో విమానం మొదట కదిలినప్పటి నుంచి ప్రయాణం ముగిసి పూర్తిగా ఆగేదాకా. అంటే నేల మీద దొర్లిన సమయమూ ఆ సంస్థ దృష్టిలో ఎగిరిన సమయమే, పైలట్ల పుస్తకంలో గంటలు చేరేదీ ఆ లెక్కనే. పైలట్లు ముందుగా సమర్పించే ప్రయాణ ప్రణాళికలో ఇంకో కాలం ఉంటుంది. పరికరాల ఆధారంగా నడిపే విమానాలకు అది పైకి లేచినప్పటి నుంచి, గమ్యం దగ్గర దిగే ప్రక్రియ మొదలయ్యే బిందువుకు చేరేదాకా వేసిన అంచనా. అందుకే ఒకరు నలభై, మరొకరు అరవై అన్నప్పుడు అబద్ధమని అనుకోకుండా, ఏ క్షణం నుంచి ఏ క్షణం దాకా అని అడగడం మంచిది.

ఇక ఆ 48 నిమిషాలు 40 ఎందుకు కాలేదో చూద్దాం. ఎక్కేటప్పుడు విమానం తన పూర్తి వేగంతో పోలేదు, దాని శక్తిలో పెద్ద భాగం ఎత్తు సంపాదించడానికే ఖర్చవుతుంది. పది వేల అడుగుల దిగువన చాలాచోట్ల 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు మించకూడదన్న నియమం ఉంది. దిగడం కూడా ఉన్నట్టుండి జరిగే పని కాదు. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు మూడు నాటికల్ మైళ్ల దూరం ముందునుంచే దిగడం మొదలుపెట్టాలన్నది పైలట్ల నోటిలెక్క. 18,000 అడుగుల్లో ఉంటే 54 నాటికల్ మైళ్లు, అంటే వంద కిలోమీటర్ల ముందే దిగుదల మొదలవుతుంది. మనం కిటికీలోంచి చూస్తూ ఇంకా సగం దారిలో ఉన్నామనుకునే వేళకే ఇంజన్ల హోరు తగ్గడం అందుకే. చివరి మెట్టులో రెక్కల వెనక పలకలు జారి, చక్రాలు బయటికి వచ్చాక వేగం సగానికి పైగా పడిపోతుంది.

టికెట్టులో మిగిలిన 13 నిమిషాలు విమాన సంస్థ ముందుచూపుతో కలుపుకున్నవి. ఆ వేళలో ఆ మార్గంలో గతంలో ఎంత సమయం పట్టిందో చూసుకుని, ఎక్కువ రోజులు నిలబెట్టుకోగలిగిన వేళను సంస్థలు ప్రకటిస్తాయి. ఒకే విమానం రోజుకు ఆరేడు పొట్టి ప్రయాణాలు చేస్తున్నప్పుడు ఉదయపు పది నిమిషాల ఆలస్యం సాయంత్రానికి గంటగా పేరుకుంటుంది కాబట్టి ఈ జాగ్రత్త నా దృష్టిలో తప్పు కాదు. అయితే దాన్ని ప్రయాణకాలమని పిలవడం వల్లనే పాఠకులకు ఇంత అయోమయం కలుగుతోంది. టికెట్టు చూడకుండా మీరే అంచనా వేయాలంటే, మహావృత్త దూరాన్ని 500తో భాగించి వచ్చిన సమయానికి 25 నిమిషాలు కలపండి. రద్దీ తక్కువగా ఉన్న రెండు చిన్న విమానాశ్రయాల మధ్య ప్రొపెల్లరు విమానానికి అది బ్లాక్ టైమ్‌కు దగ్గరగా వస్తుంది.

ప్రశ్న: అదే దారిలో జెట్ విమానం నడిపితే సగం సమయమే పడుతుందా?

జవాబు: సగం కాదు. ఏటీఆర్ 72 వంటి ప్రొపెల్లరు విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో, ఎయిర్‌బస్ ఏ320 వంటి జెట్ 830 కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూగా సాగుతాయి. కానీ జెట్ ఆ వేగాన్ని పొదుపుగా అందుకునేది 35,000 అడుగుల దగ్గర. అక్కడి నుంచి దిగడానికి ముందు చెప్పిన నోటిలెక్క ప్రకారం 105 నాటికల్ మైళ్లు, అంటే 194 కిలోమీటర్లు కావాలి. ఎక్కడానికీ ఇంచుమించు అంతే కావాలి. మన 390 కిలోమీటర్ల దారి ఇంచుమించు అంతా ఎక్కడానికీ దిగడానికే సరిపోతుందన్నమాట, కాబట్టి జెట్ మరింత తక్కువ ఎత్తులోనే సాగి, తన వేగాన్ని పూర్తిగా వాడుకోకుండానే దిగిపోతుంది. నేల మీద పట్టే సమయం రెండింటికీ ఒకటే. చివరకు కలిసి వచ్చేది పది, పదిహేను నిమిషాలు మాత్రమే. ఆ కాస్త సమయం కోసం కాల్చవలసిన ఇంధనం చాలా ఎక్కువ కాబట్టే పొట్టి ప్రాంతీయ మార్గాల్లో ప్రొపెల్లరు విమానాలు ఇంకా నిలిచి ఉన్నాయి.

ప్రశ్న: వెళ్లేటప్పుడు పట్టిన సమయానికీ తిరిగి వచ్చేటప్పుడు పట్టిన సమయానికీ తేడా ఎందుకు? భూమి తిరగడం వల్లనా?

జవాబు: భూమి తిరగడం వల్ల నేరుగా ఏ తేడా రాదు. నేలతోపాటు గాలీ తిరుగుతోంది, ఆ గాలిలో ఉన్న విమానమూ తిరుగుతోంది. తేడా తెచ్చేది నేలతో పోలిస్తే గాలికి ఉన్న కదలిక. 400 కిలోమీటర్ల దూరం, 500 కిలోమీటర్ల వేగం అనుకుంటే గాలి లేని రోజున 48 నిమిషాలు. గంటకు 60 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తే సుమారు 43 నిమిషాలు, అదే గాలి ఎదురైతే 54న్నర. ఈ రెండింటినీ కలిపితే రానూపోనూ 97 నిమిషాలు దాటింది, గాలి లేకపోతే 96 చాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, వెనకగాలిలో తక్కువసేపు ఉంటాం కాబట్టి పోగొట్టుకున్నదంతా తిరిగి రాదు.

ప్రశ్న: ప్రపంచంలో అతి పొట్టి విమాన ప్రయాణం ఏది?

జవాబు: స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఓర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు చిన్న దీవుల మధ్య క్రమం తప్పకుండా నడిచే విమానం ప్రయాణం. దూరం సుమారు 2.7 కిలోమీటర్లు. పెద్ద విమానాశ్రయాల్లో ఒక్క రన్‌వే పొడవే ఇంత ఉంటుంది. వేళల పట్టికలో ఈ ప్రయాణానికి ఇచ్చినది రెండు నిమిషాలు, గాలి అనుకూలించిన ఒక రోజున 53 సెకన్లలోనే ముగిసిందన్నది రికార్డు. 1967 నుంచి నడుస్తున్న ఈ సర్వీసులో ఎనిమిది మందికి మించి పట్టని రెండు ఇంజన్ల చిన్న విమానం తిరుగుతుంది. రికార్డు సంగతి ఎలా ఉన్నా, ఇది ఆ దీవుల్లోని ఉపాధ్యాయులకూ రోగులకూ రోజువారీ అవసరం తీర్చే ప్రయాణం. పైగా ఇక్కడ గాలి దిశ మారి ఒక చుట్టు తిరగవలసి వస్తే చాలు, ప్రయాణకాలం రెట్టింపు అవుతుంది.

ప్రశ్న: విమానం రద్దయినా ఆలస్యమైనా ఇచ్చే పరిహారానికి దూరాన్ని లెక్కిస్తారా, కాలాన్నా?

జవాబు: దేశాన్ని బట్టి మారుతుంది. భారతదేశ నియమాల్లో విమానం రద్దయినప్పటి పరిహారానికి బ్లాక్ టైమ్ ప్రాతిపదిక: గంట లోపు, గంట నుంచి రెండు గంటల దాకా, రెండు గంటలు దాటినవి అని మూడు మెట్లు ఉంటాయి. యూరోపియన్ యూనియన్‌లో మహావృత్త దూరం ప్రాతిపదిక, అక్కడ మొదటి మెట్టు 1500 కిలోమీటర్ల దాకా. అందుకని మన నేలలో టికెట్టు మీది నిమిషాలకూ, అక్కడ పటం మీది కిలోమీటర్లకూ డబ్బుతో ముడి పడి ఉంది.

ఆలస్యం విషయంలో అక్కడ అది కనీసం మూడు గంటలు ఉండాలి. అయితే ఏ క్షణం దాకా మూడు గంటలు? ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నుంచి జర్మనీలోని కొలోన్-బాన్‌కు వచ్చిన ఒక విమానం విషయంలో ఈ ప్రశ్న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. ఆ విమానం చక్రాలు నేలను తాకేసరికి ఆలస్యం 2 గంటల 58 నిమిషాలు. నిలిచే చోట ఆగేసరికి 3 గంటల 3 నిమిషాలు. చక్రాలు తాకడమే చేరుకోవడమని విమాన సంస్థ వాదించింది. లోపల బందీగా కూర్చున్నంతసేపూ ప్రయాణికుడు తన పనులు తాను చేసుకోలేడు కాబట్టి, విమానం తలుపుల్లో కనీసం ఒకటి తెరుచుకుని ప్రయాణికులు బయటికి రావచ్చన్న క్షణమే చేరుకున్న క్షణమని న్యాయస్థానం 2014లో తీర్పు చెప్పింది.